రెండు మెట్లు కింద

కట్వారియా సరాయ్, న్యూఢిల్లీ
12 నవంబరు 1995

అన్నకు,

నేను గది మారాను. ఈ సంగతి కమలాకుమారి ఆంటీ నీకు ముందే రాసి ఉంటుంది. రాసిందాన్ని నరసింహులు అంకుల్‌కి చదివి వినిపిస్తుంటే పక్క గదిలోంచి విన్నాను. "మల్లికార్జున చెల్లెలని పెట్టుకుంటిమి, ఇంట్లో టింగుటింగుమని ఒకటే గోల, పక్క క్వార్టరు హవల్దారు భార్య నన్ను చూసి నవ్వుతాంది" అని రాసింది. నిజమే రాసింది. ఆ నవ్వేది నేనూ చూశాను.

నువ్వు బ్యాండుమాస్టరు కోర్సుకని పచ్‌మఢీ పోతూ నన్నూ, నీ గిటారునూ కలిపి కంటోన్మెంట్లో వాళ్ళ క్వార్టర్లో దించి పోయావు. నన్ను బుద్ధిగా ఉండమన్నావు. గిటారును ముట్టుకోవద్దన్నావు. రెండూ జరగలేదు.

ఇక్కడ నాతో పాటు తేజశ్రీ ఉంటుంది. అనంతపురం పిల్ల, బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. మూడో అంతస్తు, మంచినీళ్ళు కింద నుంచి మోసుకోవాలి. ఓఖ్లా ఫ్యాక్టరీకి ఒకటే బస్సు. ఇంటి ఓనరమ్మకి గిటారంటే భయం లేదు, మా గదికి అబ్బాయిలు వస్తారంటే ఉంది. కాబట్టి ఇబ్బంది లేదు.

ఇదంతా ఎట్లా మొదలైందో చెప్తాను, మళ్ళీ ఎవరో చెడగొట్టారని అనుకోకు. దర్యాగంజ్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద పాత కేసెట్ల కుప్పలో ఒకటి దొరికింది. లేబులు చిరిగిపోయి ఉంది. పేరు లేదు, ఊరు లేదు. దీపావళికి ముందు మా ఫ్యాక్టరీలో రిజెక్టైన రేడియో-టేపు సెట్లు వర్కర్లకు అమ్ముతారు కదా, ఈసారి నేనూ ఒక టూ-ఇన్-వన్ తీసుకున్నాను. క్యాబినెట్ మీద గీత పడిందని రిజెక్టు చేశారంట. లోపలి బోర్డుకి సోల్డరింగ్ పెట్టింది నేనే అయ్యుండొచ్చు, ఆ లైనులో ఉండేదాన్నే కదా. దాంట్లో ఆ కేసెట్టు పెట్టాను.

ఒక ముసలాయన. ఇంగ్లీషులో పాడతాడు, సగం అర్థమవుతుంది. పక్కన ఎవరూ లేరు, తబలా లేదు, వయొలిన్లు లేవు. గిటారొకటి, ఆయనొకడు. గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది. పాడేది ఏడుపు సంగతే, కానీ ఏడవడు. ఎవరి మీదో కోపంగా ఉంటాడు. ప్రతి పాటలో "మై మ్యాన్, మై మ్యాన్" అని ఎవర్నో తిడుతుంటాడు, మోసం చేసిన స్నేహితుడు కాబోలు. నేను తాత అని పేరు పెట్టాను.

మొదటిసారి విన్నరోజు నీ గిటారు బీరువా మీద నుంచి దించాను. తాత లావు తీగ ఒక్కటే కొట్టి పాట మొదలుపెడతాడు. నా లావు తీగను ఆ చప్పుడు వచ్చేదాకా తిప్పాను. అక్కడ నుంచి ఒక్కో తీగా, ఒక్కో ముక్కా. రివైండ్ బటన్ మీద గుర్తు చెరిగిపోయింది.

గిటారు నీది, కాదనను. వేళ్ళు నావి.

సుభాషిణి

*

పచ్‌మఢీ
27 నవంబరు 1995

సుభాషిణికి అన్న మల్లికార్జున రాయునది.

ఇక్కడ చలి ముదిరింది. పొద్దున ప్రాక్టీసులో పెదవులు క్లారినెట్‌కి అతుక్కుంటున్నాయి. అంతకుమించి బాగానే ఉన్నాను.

నువ్వు చేసింది నాకు నచ్చలేదు. నరసింహులు సార్ నాకు సీనియర్, నా మాట మీద నిన్ను ఇంట్లో పెట్టుకున్నారు. తిరిగి వెళ్ళు. ఈ ఉత్తరం కూడా కంటోన్మెంట్ అడ్రసుకే రాస్తున్నాను. నా లెక్కలో నీ ఇల్లు అదే.

గిటారు సంగతి. అది రిటైరైపోతున్న బ్యాండ్స్‌మ్యాన్ దగ్గర కొన్నాను, కోర్సు అయ్యాక పద్ధతిగా నేర్చుకోవాలని. నువ్వు చేస్తున్నది నేర్చుకోవడం కాదు. రోడ్డు మీద దొరికిన కేసెట్టు గురువు ఎట్లా అవుతుంది? ఇక్కడ మాకు మొదటి నెల మొత్తం శ్రుతి, స్వరం, కాగితం మీద చుక్క. అంతే. వాయించడం తర్వాత.

ముట్టుకోవద్దంటే వినలేదు కాబట్టి కనీసం సరిగ్గా ముట్టుకో. దీంతో పాటు పిచ్ పైపు పంపుతున్నాను. ఆరు రంధ్రాలు, ఒక్కో తీగకి ఒకటి. ఊది, ఆ స్వరానికి తీగ కలుపు. ప్రపంచంలో గిటార్లన్నీ ఆ స్వరాలకే ఉంటాయి. నీది ఒక్కటే వేరేగా ఉండాల్సిన పని లేదు.

తీగను వేలితో పక్కకు గుంజి స్వరం వంచుతాడని మొన్న ఫోనులో గొప్పగా చెప్పావు. స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్నదాన్ని మా బ్యాండులో తప్పు అంటారు. అలవాటు చేసుకోకు.

నరసింహులు సార్‌కి నమస్కారాలు చెప్పు. చెప్పాలంటే అక్కడికి వెళ్ళాలి కదా.

మల్లికార్జున

*

కట్వారియా సరాయ్
17 డిసెంబరు 1995

అన్నా,

నీ ఉత్తరం కోసం రెండు బస్సులు మారి కంటోన్మెంట్ పోయాను. నమస్కారాలు చెప్పాను. ఆంటీ టీ ఇచ్చింది, టీతో పాటు నువ్వు ఆమెకు రాసిన ఉత్తరంలో నా గురించి ఏం రాశావో కూడా చెప్పింది. "తలతిక్క పిల్ల, నాలుగు రోజుల్లో తిరిగొస్తుంది" అన్నావంట. నాలుగు రోజులు ఎప్పుడో అయిపోయినాయి.

నీ పైపు ఊదాను. నా గిటారు శ్రుతి దానికి రెండు మెట్లు కింద ఉంది. ఆరు తీగలూ అంతే, వరసగా. తాత కూడా అక్కడే ఉన్నాడు. మేమిద్దరం కలిసే ఉన్నాం, నీ పైపే పైన ఎక్కడో కూర్చుంది. సరే, అన్న పంపాడు కదా అని ఒక ఆదివారం నీ పైపుకే కలిపాను. తీగలు బిగుసుకున్నాయి, వేళ్ళు తెగాయి, తాతతో కలిసి వాయిస్తే కుక్కలు కొట్లాడినట్టుంది. మళ్ళీ దించేశాను. పైపు డబ్బాలో ఉంది. దానికేం లోపం లేదు, పని లేదు అంతే.

కింది అంతస్తులో నవదీప్ అని ఇంజినీరింగ్ చదివే కర్నూలు అబ్బాయి ఉన్నాడు. మెట్ల మీద ఆగి విన్నాడు. "ఇది బ్లూస్ కదక్కా, నీకెట్లా వచ్చు?" అన్నాడు. అప్పటిదాకా దీనికో పేరుందని నాకు తెలియదు. అమెరికాలో నల్లవాళ్ళు పత్తిచేలల్లో, రైలు పట్టాల దగ్గర పని చేసుకుంటూ పాడుకున్న పాటలంట. గుంతకల్లు లోకో షెడ్డు పక్కన పుట్టినదాన్ని, పట్టాల దగ్గర పాట నాకు కొత్తా?

దాని పద్ధతి చెప్తాను విను, నీ కాగితం మీద ఉందో లేదో. ఒక మాట అంటాడు. అదే మాట మళ్ళీ అంటాడు. మూడోసారి జవాబు చెప్తాడు. అంతే పాట. మొదట్లో రెండోసారి ఎందుకు అంటాడో తెలీలేదు. ఇప్పుడు తెలిసింది. మా సూపర్‌వైజర్‌తో ఏదైనా మొదటిసారి చెప్తే అది విన్నపం. అదే మాట, ఒక్క అక్షరం మార్చకుండా రెండోసారి చెప్పి చూడు. తల పైకెత్తుతాడు. ఈ పాటలన్నీ రెండోసారి చెప్పడం కోసం పుట్టినవే.

ఇక స్వరానికీ స్వరానికీ మధ్య తప్పు అన్నావే, తాత కాపురం అక్కడే. ఆయన్ని ఖాళీ చేయించడం నీ వల్ల కాదు.

తేజశ్రీ మాత్రం నీ పక్షం. తన సినిమా కేసెట్టు నా సెట్లో పెడితే హీరోయిన్‌కి జలుబు చేసినట్టుంటుందంట. ఆమెకి అన్నీ పరీక్ష ప్రశ్నలే. పట్టించుకోకు.

సుభా

*

పచ్‌మఢీ
8 జనవరి 1996

సుభాషిణికి,

ఆరు తీగలూ సమానంగా రెండు మెట్లు తగ్గాయంటే తప్పు నీ చెవిది కాదు. చెవి బాగానే ఉంది, అది ఒప్పుకుంటాను. తప్పు నీ సెట్టుది. టేపు నెమ్మదిగా తిరిగితే స్వరం దిగుతుంది, పాట సాగుతుంది. నీ తాత అంత నిదానంగా పాడటానికి అదే కారణం. హీరోయిన్‌కి జలుబు కూడా అందుకే. ఆ పిల్లకి బ్యాంకు ఉద్యోగం వస్తుంది.

సెట్టు బాగు చేయించు. గిటారు పైపుకి కలుపు. తీగలు వదులుగా ఉంటే గిటారు మెడ మీది ఇనుప మెట్లకు తగిలి గరగరమంటాయి, అంటున్నాయా లేదా నిజం చెప్పు.

హోలీకి సెలవు అడిగాను. వస్తున్నాను. గిటారు నాతో తీసుకుపోవాలని నిర్ణయించుకున్నాను. కానీ అన్యాయం చేశాననిపించుకోవడం ఇష్టం లేదు, కాబట్టి ఒక షరతు. ఒక్క పాట. మొదటి నుంచి చివరిదాకా, ఆగకుండా, తాళం తప్పకుండా, పైపు శ్రుతిలో నా ముందు వాయించు. వాయిస్తే గిటారు నీది, మళ్ళీ అడగను. లేకపోతే అది నాతో పచ్‌మఢీ దారి రైలు ఎక్కుతుంది.

మల్లికార్జున

*

కట్వారియా సరాయ్
21 జనవరి 1996

అన్నా,

మళ్ళీ కంటోన్మెంట్ అడ్రసే. ఆంటీ ఈసారి టీ ఇవ్వలేదు.

తీగలు గరగరమంటాయి. అననీ. తాత గొంతు కూడా గరగరే.

కానీ తప్పు సెట్టుదని ఎట్లా రాశావు? నేను రోజంతా చేసే పని అది. నేను బోర్డు అతికిస్తాను, నా తర్వాత ఇంకో ఇద్దరు, ఆ తర్వాత చాందిని టేబులు. ఆమె దగ్గర ఒక టెస్టు కేసెట్టు ఉంటుంది, దాంట్లో ఈల వేసినట్టు ఒకటే చప్పుడు. మీటరు మీద ముల్లు గీత దగ్గర ఆగేదాకా మోటారు వెనక స్క్రూ తిప్పుతుంది. చాందిని చెయ్యి దాటకుండా ఏ సెట్టూ అట్టపెట్టెలోకి పోదు. నువ్వు క్లారినెట్ ఎట్లా ఊదాలో నేను చెప్పానా? నా సెట్టు జోలికి రావద్దు.

ఆ సెట్టు తెరవను. తెరిచి చూస్తే నీ మాట నమ్మి చాందినిని అనుమానించినట్టు అవుతుంది.

షరతు విన్నాను. ఒక్క పాట అన్నావు. అందులో తాత పాట వాయించాలని లేదు కదా. నేను కట్టిన పాట వాయిస్తాను. మా లైనులో ముప్పైమంది ఆడవాళ్ళం. బాత్‌రూముకి పోవాలంటే మెళ్ళో ఒక ప్లాస్టిక్ బిళ్ళ వేసుకుని పోవాలి. లైను మొత్తానికి ఒకటే బిళ్ళ. పోయినామె తిరిగొచ్చేదాకా మిగతావాళ్ళు కాళ్ళు బిగబట్టుకుని కూర్చోవాలి. పోయిన వారం బిహార్ నుంచి వచ్చిన కొత్త పిల్ల కుర్చీలోనే తడుపుకుంది. సూపర్‌వైజర్ నవ్వాడు. ఆ రోజు ఇంటికొచ్చి గిటారు తీశాను. ఏం ఆలోచించలేదు, వేళ్ళే పోయి లావు తీగ మీద పడ్డాయి.

బిళ్ళ ఒక్కటే అయ్యా, మెడలు ముప్పై ఉండాయి
బిళ్ళ ఒక్కటే అయ్యా, మెడలు ముప్పై ఉండాయి
నీ మెళ్ళోనే యేసుకో దాన్ని, మేం లేచి పోతాండాం.

దీన్నే హిందీలోకి మార్చి అన్నం టైములో చాందినికి చెప్పాను. "ఫిర్ సే బోల్" అంది. మళ్ళీ చెప్పాను. రెండోసారి లైనంతా అంది. టిఫిన్ మూతల మీద తాళం వేశారు. నీ తాళం తప్పదు, భయపడకు.

హోలీకి రా. గిటారు మోయడానికి సంచీ తెచ్చుకోకు, దండగ.

సుభా

*

పచ్‌మఢీ
19 ఫిబ్రవరి 1996

సుభాషిణికి,

సెలవు రాలేదు. పరీక్షలు ముందుకు జరిపారు. షరతు మాత్రం రద్దు కాలేదు. ఆ పాట కేసెట్టులో రికార్డు చేసి పంపు. మా క్లాసులో మంచి డెక్ ఉంది, దాని మీద వింటాను. పైపు పక్కన పెట్టుకునే వింటాను. దాచడానికేమీ వీలుండదు.

ఉద్యోగం జాగ్రత్త. పాటలు పాడితే జీతం పెరగదు.

మల్లికార్జున

*

కట్వారియా సరాయ్
24 మార్చి 1996

అన్నా,

కేసెట్టు ఇదిగో. నా సెట్లోనే, దాని మైకులోనే రికార్డు చేశాను. వెనకాల కుక్కరు ఈల తేజశ్రీది, దాన్ని లెక్కలో తీసెయ్. ఆగకుండా వాయించాను. ఏ శ్రుతిలో ఉందో నువ్వే ఊదుకుని చెప్పు. నాకు తెలుసు నువ్వేం రాస్తావో. రాయి.

పాటలు పాడితే జీతం పెరగలేదు. బిళ్ళలు పెరిగాయి. ఇప్పుడు లైనుకి రెండు. పాటలో లెక్క మార్చుకోవాల్సి వచ్చింది.

సుభా

*

పచ్‌మఢీ
9 ఏప్రిల్ 1996

చెల్లీ,

ఈ ఉత్తరం రాయడానికి ముందు నీ కేసెట్టు చాలాసార్లు విన్నాను. మొదటిసారి పైపు చేతిలో పెట్టుకుని విన్నాను. లావు తీగ కొట్టావు, పైపు ఊదాను, రెండూ ఒకటే. సన్న తీగ దాకా అన్నీ ఒకటే. వెంట్రుకంత తేడా లేదు.

చివరికి నా మాట విన్నావు. అంత పొగరుగా ఉత్తరాలు రాస్తూనే పైపుకి కలిపావన్నమాట. నువ్వు చెప్పకపోయినా గిటారు చెప్పింది.

చెయ్యి కూడా బాగా తిరిగింది. అంత వేగంగా వాయిస్తావనుకోలేదు. నీ గొంతే వింతగా ఉంది. గుంతకల్లు రైల్వే స్కూల్లో ఏడో తరగతిలో ప్రార్థన చదివినప్పటి గొంతు. నాన్న ఉన్నప్పటి గొంతు. ఇరవై రెండేళ్ళొచ్చినా అది మారలేదా, నేనే సరిగా వినలేదా? టేపు వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాను.

మా ఇన్‌స్ట్రక్టర్ సాబ్‌కి వినిపించాను. "ఎవరు నేర్పారు?" అన్నారు. నేనేనని చెప్పాను. ఉత్తరాలతో నేర్పానని, పైపు పంపానని. క్లాసులో అందరూ చప్పట్లు కొట్టారు.

గిటారు నీది. మాట ఇచ్చాను కదా.

అన్న

*

కట్వారియా సరాయ్
20 ఏప్రిల్ 1996

అన్నా,

ఉత్తరం అందింది. సంతోషం.

ఒక సంగతి చూడాలి. చూసి రాస్తాను.

సుభా

*

కట్వారియా సరాయ్
12 మే 1996

అన్నా,

మూడు వారాలు నీకు రాయలేదు. రాయకుండా ఊరుకుంటే గిటారు నాదే. నువ్వు మాట ఇచ్చావు, చప్పట్లు కూడా కొట్టించావు. ఊరుకోవాలని గట్టిగానే అనుకున్నాను. అన్నం తినేటప్పుడల్లా నీ చప్పట్లు చెవిలో పడ్డాయి. అందుకే చెప్తున్నాను.

నేను పైపుకి కలపలేదు. ఆ రోజు కూడా పైపు డబ్బాలోనే ఉంది. గిటారు తాత దగ్గరే ఉంది, రెండు మెట్లు కింద. అంత వేగంగా నేను ఎప్పుడూ వాయించలేదు. నాకు ఏడో తరగతి గొంతు లేదు. నా గొంతు ఇప్పుడు లావుగా ఉంటుంది, ఫోనులో విన్నావు కదా.

నీ ఉత్తరం చదివిన రోజే లోపల ఎక్కడో అర్థమైంది. ఒప్పుకోవడానికి ఇంకో వారం పట్టింది. నా సెట్టు నెమ్మదిగా తిరుగుతుంది. నువ్వన్నదే నిజం. దాంట్లో తాతను వింటే తాత రెండు మెట్లు దిగాడు. నేను ఆయన దగ్గరికి దిగాను. అదే సెట్లో నన్ను రికార్డు చేశాను, నెమ్మదిగా. మీ డెక్ సరిగ్గా తిరుగుతుంది, అది నన్ను రెండు మెట్లు పైకి ఎత్తేసింది. నీ పైపుకి కలిసింది నేను కాదు. మీ డెక్కు.

చాందినిని అడిగాను. "అరే వో పీలే డిబ్బేవాలా? ఉస్‌పే తో మైనే లాల్ బిందీ లగాయీ థీ" అంది, దానికి ఎర్ర చుక్క తానే అంటించానని. క్యాబినెట్ మీద గీత పడితే పసుపు చుక్క అంటిస్తారు, వేగం తప్పితే ఎర్ర చుక్క. దీపావళికి వర్కర్లకు అమ్మేటప్పుడు స్టోరువాళ్ళు చుక్కలన్నీ పీకేసి, అన్నిటికీ గీతే కారణమని చెప్పారు. ఆ టేబులు నాకు రెండు గజాల దూరం. ఒక్క మాట అడిగితే చెప్పేది. నీ మీద కోపంతో అడగలేదు.

పోయిన ఆదివారం సెట్టు వెనక మూత విప్పాను. మోటారు వెనక రబ్బరు బిరడా కింద స్క్రూ ఉంటుంది. ఎంత తిప్పాలో తెలియాలంటే టెస్టు కేసెట్టు కావాలి, అది ఫ్యాక్టరీ గేటు దాటదు. అప్పుడు నీ పైపు గుర్తొచ్చింది. డబ్బాలోంచి తీసి పళ్ళ మధ్య పెట్టుకున్నాను. ఒక చేత్తో స్క్రూడ్రైవరు, ఒక చేత్తో రివైండు. తాత లావు తీగ కొట్టగానే ఊదడం, కొంచెం తిప్పడం, మళ్ళీ రివైండు, మళ్ళీ ఊదడం. "మే, పీపీ ఊదేది ఆపితే నేను వడ్డీ లెక్కలు చేసుకుంటా" అని తేజశ్రీ అరుస్తోంది.

మొదట తాత నిటారయ్యాడు. ఇంకొంచెం తిప్పాను, దగ్గు పోయింది. ఇంకొంచెం, మా నాన్న వయసువాడయ్యాడు. తీగకీ పైపుకీ ఇంకా కొద్దిగా తేడా ఉంది. ఆ చివరి కొద్దీ తిప్పాను. రెండూ ఒకటయ్యాయి. స్క్రూడ్రైవరు పక్కన పెట్టి పాట మొదటి నుంచి పెట్టాను.

తేజశ్రీ పుస్తకం మూసింది. "ఎవురే ఆయమ్మ?" అంది.

అన్నా, తాత లేడు. ఆడమనిషి. ముసలిది కూడా కాదు, ముప్పై ఉంటాయో ఉండవో. గొంతులో ఇసుక ఉంది, కానీ అది ఆడదాని ఇసుక. గిటారు ఆమెదే, ఆ లావు తీగ ఆమె బొటనవేలే. నిదానం లేదు, నీరసం లేదు. గబగబా నడిచి వచ్చి తలుపు తన్నినట్టుంది. "మై మ్యాన్" అంటే మోసం చేసిన స్నేహితుడు అనుకున్నాను కదా. మొగుడు. కేసెట్టు మొత్తం మొగుణ్ణి ఉతికి ఆరేసింది.

ఆర్నెల్లు ఆమెను మగవాణ్ణి చేసి, ముసలివాణ్ణి చేసి, తాతా తాతా అని పిలిచాను. ఎందుకంటే గిటారు పట్టుకుని అంత కోపంగా పాడేది ఆడదై ఉంటుందని నాకు కూడా తోచలేదు. కమలాకుమారి ఆంటీకి తోచలేదంటే అర్థముంది. నాకు తోచలేదు, రోజూ గిటారు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదానికి. దీనికి మాత్రం కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో ఇంకా తెలియలేదు.

స్క్రూ అక్కడే వదిలేశాను. ఆమెను మళ్ళీ ముసలాయన్ని చేయను. తేజశ్రీ హీరోయిన్‌కి కూడా జలుబు తగ్గింది.

ఇప్పుడు గిటారు సంగతి. మొన్న నీ పైపుకి కలిపాను. ఆమెతో పాటు వాయించాను, బాగా కలిసింది. నిజం రాస్తున్నాను, బాగుంది. తర్వాత బిళ్ళ పాట ఎత్తుకున్నాను. "మెడలు ముప్పై" దగ్గర నా గొంతు కీచుమంది. పైన నాకు చోటు లేదు. నా గొంతు రెండు మెట్లు కిందే ఉంది, అక్కడైతే రెండోసారి చెప్పినప్పుడు సూపర్‌వైజర్ తల పైకెత్తుతాడు. తీగలు దించేశాను. మొదట సెట్టు దించింది, తెలియక దిగాను. ఈసారి తెలిసి దిగాను. ఆమె శ్రుతి ఆమెది. నాది ఇది.

షరతు పైపు శ్రుతి అన్నావు. నేను వాయించలేదు, వాయించను. కాబట్టి లెక్క ప్రకారం గిటారు నీది. రా, తీసుకుపో. కానీ ఉత్తరం రాసి పిలవకు, కంటోన్మెంట్‌కి తెచ్చిపెట్టమనకు. మూడు అంతస్తులెక్కి నా చేతుల్లోంచి తీసుకోవాలి. నేను వాయిస్తూ ఉంటాను. పాట మధ్యలో లాక్కోగలిగితే లాక్కో.

క్లాసులో చప్పట్లు కొట్టినవాళ్ళకు ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం. నువ్వు నేర్పలేదు.

సుభాషిణి

*

పచ్‌మఢీ
3 జూన్ 1996

సుభాకు,

నీ ఉత్తరం రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. మూడో రోజు ఇన్‌స్ట్రక్టర్ సాబ్ దగ్గరికి పోయి నిల్చున్నాను. మా చెల్లెలికి నేను నేర్పలేదు సాబ్, ఆ శ్రుతి కూడా మీ డెక్ పైకి ఎత్తినదే అని చెప్పాను. ఆయన నవ్వలేదు. డెక్‌కి వేగం తగ్గించే మీట ఉంది, నాకు తెలియదు. ఆయన దాన్ని నీ సెట్టు వేగానికి దించి కేసెట్టు మళ్ళీ పెట్టారు.

నీ గొంతు విన్నాను. ఏడో తరగతి కాదు. ఆ రెండో వరుస దగ్గర నేను అటెన్షన్‌లో నిలబడి ఉన్నానని కాసేపటికి తెలిసింది.

"నీకు నోటేషన్ వచ్చు కదా, రాసి తీసుకురా" అన్నారు. వారమంతా కూర్చున్నాను. తాళం రాయగలిగాను. స్వరాలు రాయగలిగాను. నువ్వు తీగ గుంజిన చోట మాత్రం అటు రాస్తే అటు తప్పు, ఇటు రాస్తే ఇటు తప్పు. రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం చిరిగింది. చివరికి అక్కడ ఖాళీ వదిలి ఇచ్చాను. ఆయన ఆ ఖాళీలు చూసి, "ఇవి సరిగ్గా రాశావు" అన్నారు.

సెలవు దొరికితే వస్తాను. మూడు అంతస్తులు ఎక్కుతాను. వినడానికి.

దీంతో పాటు తీగలు పంపుతున్నాను. ఇవి నువ్వు వాడేవాటికన్నా లావు. కింది శ్రుతికి సన్న తీగలు వదులైపోతాయి, గరగర అందుకే. ఇవి రెండు మెట్లు కిందికే బిగువుగా నిలుస్తాయి. పైపుకి మాత్రం ఎక్కించకు, మెడ వంగిపోతుంది. పాతవన్నీ ఒకేసారి విప్పకు. ఒకటి తీసి ఒకటి వెయ్. గుంజేటప్పుడు మొదట వేళ్ళు మండుతాయి. నువ్వెట్లాగూ వినవు, గుంజుతావు.

పార్సెల్ నేరుగా కట్వారియా సరాయ్‌కే పంపుతున్నాను. మూడో అంతస్తు అని కూడా రాశాను. అడ్రసులో ఏమైనా తప్పుంటే చెప్పు, దిద్దుకుంటాను.

అన్న